బదనిక రకం మామిడి

చెట్టుకు బదనిక పట్టడం అరిష్టమని మన పెద్దలు చెప్పారు. తప్పు! పెద్దలు చాలా విషయాల్లో పొరబడ్డారు గానీ ఇంత ఘోరంగా మరెక్కడా పొరబడలేదు. బదనిక భాగ్యం. బదనిక పట్టని చెట్టు ఒక చెట్టూ కాదు, దాని ఆసామి ఒక ఆసామీ కాదు!

ఎరగనివారి కోసం ఒక మాట. బదనిక అంటే చెట్టు మీద మొలిచే చెట్టు. పిట్ట ఎక్కడో పండు తిని, జిగురు గింజను తెచ్చి మామిడి కొమ్మకు రుద్దిపోతుంది. గింజ అక్కడే మొలుస్తుంది. కొమ్మలోకి వేరు దించుతుంది. ముడి వేసుకుని కూర్చుంటుంది. ఆపైన మామిడి తాగవలసింది అది తాగుతుంది.

దీనికి ఎరువు వేయాలా? అక్కరలేదు. పాదు తీయాలా? అక్కరలేదు. నీళ్లు? ఆ బెంగ కిందివాళ్లది! కావలసిందల్లా ఇంకొకరి కొమ్మ. ఇంత పొదుపైన సాగు మరొకటి ఉంటే చూపించండి. నడి ఎండాకాలంలో మామిడాకు వాడినా బదనిక ఆకు నిగనిగలాడుతుంది. ఎందుకు వాడుతుంది? అది కష్టపడిందెక్కడ?

ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం తెలియాలంటే మా ఊరి అంతయ్య సంగతి వినాలి.

మా ఊరు లక్సెట్టిపేటకు ఇవతల, గోదావరికి కోసెడు దూరం. ఏ పంచాయతీ సమితి కింద ఉందో మాత్రం అడగకండి. నేనింకా ఈ సమితిలోనే బతకాలి!

అంతయ్య చెలక గట్టున ఒక మామిడి ఉంది. తొక్కుమామిడి అంటారు, అంటే ఊరగాయ మామిడి. పుల్లదనంలో దానికి సాటి లేదు. మా ఊళ్లో ముప్పై ఇళ్ల తొక్కు జాడీలు ఆ ఒక్క చెట్టుతో నిండుతాయి. అంతయ్య మనిషి మితభాషి. రోజుకు పది మాటలు మాట్లాడితే పండుగ. కానీ చెట్టు మొదలును గోటితో కొట్టి, లోపల పురుగుందో లేదో చెప్పేస్తాడు. చుట్టుపక్కల ఎవరి చెట్టుకు సుస్తీ చేసినా ఆయనకే కబురు.

పోయిన ఏడు దీపావళినాటికి ఆ తొక్కుమామిడికి మూడు పెద్ద కొమ్మల నిండా బదనిక పట్టింది. ముడికి అవతల కొమ్మలు ఎండడం మొదలైంది. అంతకు ముందు ఏడు ఇలాగే వదిలేసిన దాని జోడు చెట్టు, ఎండి, పొయ్యిల పాలైంది. అందుకని అంతయ్యకు నిద్ర పట్టలేదు. ఆకు దగ్గర కోస్తే బదనిక మళ్లీ చిగురిస్తుంది. ముడి కింద జానెడు పచ్చికొమ్మతో సహా పోవాలి. అదీ పూత రాకముందే పోవాలి. లేదంటే చెట్టు దక్కదు.

చూశారా మూర్ఖత్వం! ఇంటికి వచ్చిన భాగ్యాన్ని జానెడు కొమ్మతో సహా కోసి పారేయాలట!

ఆ మూర్ఖత్వంతోనే అంతయ్య కొలిమికి పోయాడు. మా కొలిమిలో ఒక కట్టుబాటు ఉంది. పని ఎవరిదైతే తిత్తి వాళ్లే గుంజాలి. కమ్మరి కొండల్ ఇనుమును కొడతాడు, పని తెచ్చినవాడు గాలి కొడతాడు, పనిలేనివాడు కబుర్లు కొడతాడు. ఆ మూడో కొలువు వడ్ల కైలాసానిది, అంటే మా వడ్రంగిది. గొడ్డళ్లకు పిడులు చెక్కే నెపంతో పొద్దస్తమానం అక్కడే ఉంటాడు.

"ఏం మామా, దున్నుడు లేదు, దంతె లేదు, ఇయ్యాల కొలిమెట్ల యాదికొచ్చింది?" అన్నాడు కొండల్.

"ఉలి గావాలె," అన్నాడు అంతయ్య, విరిగిన బండి పట్టా ముక్క ముందర పడేసి. "గడకు బిగిచ్చెటిది. కింద నిలవడి పొడిస్తె కొమ్మ తెగాలె."

"మబ్బును పొడుస్తవా ఏంది అంతన్నా?" అన్నాడు కైలాసం.

"బదనికను."

"అట్లయితె కొండలూ, అంచు జర వెడల్పు వెట్టు. అంతన్న మాట పొదుపు జేసినట్టు ఇనుము పొదుపు జెయ్యకు!"

"గుంజు మామా, గుంజు! నిప్పు నిద్రవోతుంది. నీ కొలువుల నువ్వే నిద్రవోతె ఎట్ల?" అని కొండల్ కేక వేశాడు.

అలా ఇద్దరి చేత మాటలు పడుతూ, అంతయ్య సాయంత్రానికి ఉలి చేయించుకున్నాడు. కైలాసం దాన్ని పద్దెనిమిది అడుగుల వెదురు గడకు బిగించి, రెండు కట్లు కట్టి ఇచ్చాడు. తెల్లారి అంతయ్య చెట్టు కింద నిలబడి మొదటి ముడికి గురి పెట్టాడో లేదో, బాట మీద సమితి జీపు ఆగింది.

అందులోంచి దిగినవారు కొత్తగా వచ్చిన ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు సారు. పట్నంలో చదువుకున్నవారు. పండ్లచెట్లకు అంట్లు కట్టడం గురించి ఇంత లావు పుస్తకం చదివినవారు. ఆ పుస్తకంలో బదనిక అధ్యాయం లేకపోవడం ఆయన తప్పు కాదు.

"ఆగవయ్యా, ఆగు! ఆ చెట్టుకు రెండు రకాల ఆకులున్నాయేమిటి? ఎవరు కట్టారు ఈ అంటు?"

"ఎవ్వలు గట్టలే సారూ. పిట్ట గట్టింది."

"ఎంత వినయం!" అన్నారు సారు, డ్రైవరు వైపు తిరిగి.

"అంటు గాదు సారూ. గిది బదనిక."

సారు జేబులోంచి డైరీ తీసి రాసుకున్నారు: 'రకం పేరు: బదనిక.'

ఆ రోజుకు అంతయ్య పది మాటలు అక్కడితో అయిపోయాయి. మిగతా మాటలన్నీ సారే మాట్లాడారు. ఎక్కే కాలు దిగే కాలు, వారం తిరక్కుండా జీపు నాలుగుసార్లు వచ్చింది. ఇప్పుడు చెప్పండి, మీ ఇంటి ముందు జీపు ఎన్నిసార్లు ఆగింది? మీ చెట్టుకు బదనిక ఉంటే కదా!

చెట్టు చుట్టూ కంచె వేశారు. 'ఆదర్శ వృక్షము. తాకరాదు' అని బోర్డు పెట్టారు. ఆసామి కూడా తాకరాదు. తాకితే ఆదర్శం అరిగిపోదూ?

తరువాత సభ. మంచిర్యాల నుంచి ఫోటో ఆయన వచ్చాడు. ఉత్తమ రైతుకు బహుమానంగా సమితివారి విలాయతి కత్తెరను ఇచ్చారు. ఆ కత్తెర గొప్పదనం మీకు తెలియదు. కొమ్మలు కత్తిరించేది, ఎర్ర పిడులది, మధ్యలో స్ప్రింగుది. ఆఫీసులో అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటుంది. పన్నెండు ఊళ్ల రైతులకు అది ఒక్కటే. చూడదలచినవాళ్లకు అడ్డు లేదు. వాడదలచినవాళ్లకే అడ్డు.

ఇందులో తప్పేముంది? కొండల్ చేసిన కొడవలి చూడండి. ఏడాదికి నాలుగుసార్లు అరుగుతుంది, నాలుగుసార్లు కొలిమికి రావాలి. సమితి కత్తెర వచ్చి మూడేళ్లయింది, పదును వెంట్రుకవాసి తగ్గలేదు! ఏది మంచి పనిముట్టు?

ఆ రోజు సారు దానితో రిబ్బను కత్తిరించి, అంతయ్య చేతిలో పెట్టారు. ఫోటో ఆయన నల్లగుడ్డలోకి తల దూర్చి తీసేంతసేపు అది అంతయ్యదే. తరువాత బహుమానం ముట్టినట్టు ఒక చోట వేలిముద్ర, వాపసు చేసినట్టు పక్కనే ఇంకో వేలిముద్ర వేయించుకుని, కత్తెరను మళ్లీ బీరువాకు పంపారు.

ఊరు ఊరంతా అంతయ్యను చూసి కుళ్లుకుంది. హనుమండ్లు అనే ఆసామి అయితే ఉండబట్టలేక, తన జామచెట్టుకు వేపకొమ్మ ఒకటి తాడుతో కట్టి, జీపు వచ్చే వేళకు పక్కన నిలబడ్డాడు. ఆయనకు ప్రోత్సాహక సర్టిఫికెట్ ఇచ్చారు. వేపకొమ్మ మూడో రోజుకు రాలిపోయింది. సర్టిఫికెట్ ఇప్పటికీ గోడకు ఉంది. ఏది గట్టిదో మీరే తేల్చుకోండి!

ఇంత వైభవం జరిగినా సంతోషించని మనిషి ఒకతె ఉంది. అంతయ్య భార్య దేవవ్వ.

"ఓ మనిషీ," అంది సభ నుంచి ఇంటికి పోతూ. "ఊరంత ఫోటువల వడ్డది. మంచిగనే ఉన్నది. వచ్చే ఎండాకాలం జాడిల గా ఫోటువ వెట్టి మూత గట్టుదునా?"

అంతయ్య చెట్టు వైపు చూస్తూ నడిచాడు. రెండో కొమ్మ అప్పటికే కొసనుంచి ఎండుతోంది.

మర్నాడు, ఊళ్లో కాగితాలు రాసిపెట్టే నా దగ్గరికి వచ్చి దరఖాస్తు రాయమన్నాడు. నేను పెట్టిన మొదటి వాక్యం 'మహారాజరాజశ్రీ'తో మొదలై అరపేజీ నడిచింది. అంతయ్య చెప్పింది మాత్రం ఒక్కటే మాట: "చెట్టు సస్తుంది. కోసుకోనియ్యుండ్రి."

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. సర్కారు పట్టించుకోదని అనేవాళ్లు ఇది చదవాలి:

'పై చెట్టు పరిశీలించబడినది. బదనిక రకమునకు వెలుతురు చాలుట లేదని తేలినది. కావున దానికి అడ్డుగా నున్న నాటు మామిడి కొమ్మలు వచ్చే సోమవారము సమితి కూలీలచే కోయించబడును.'

నేను చదివి వినిపించాను. అంతయ్య ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. అక్షరం మారలేదు. ఆయన లేచి, తల రుమాలు దులుపుకుని, నన్ను వెంటబెట్టుకుని నేరుగా కొలిమికి పోయాడు. పనేమీ లేదు. అయినా పోయి తిత్తి దగ్గర కూర్చుని, ఎవరిదో గొడ్డలికి గుంజడం మొదలుపెట్టాడు. సోమవారానికి నాలుగు రోజులుంది.

"బదనికకు ఎండ తాకాల్నని మామిడిని నరుకుతరా!" అన్నాడు కైలాసం, చెక్కుతున్న పిడిని కింద పెట్టి. "గీ ముచ్చట మా అత్తగారింట్ల జెప్పినా నమ్మరు."

"నమ్మక? జీపుల వచ్చి జెప్పు, నమ్ముతరు," అన్నాడు కొండల్. "ఆళ్లకు ఇంకో ఫికరున్నదట. ఈ నెలాఖరుకు రెండు నూర్ల బదనిక మొక్కలు పంచినమని మీదికి రాయాల్నట. సమితి నౌకరు నిన్న కత్తి నూరిచ్చుకోను వచ్చి జెప్పిండు."

"మొక్కలేడికెళ్లి తెస్తరు?"

"ఎవలకెరుక? చెట్టు మీది కొమ్మలే తీసుకోవాలె గావచ్చు."

తిత్తి ఆగిపోయింది.

"మామా, గుంజు! ఇనుము సల్లారుతుంది!" అని కొండల్ అరిచాడు.

అంతయ్య గుంజలేదు. ఎర్రటి ఇనుము నల్లబడేదాకా దాన్నే చూస్తూ కూర్చుని, తరువాత చిన్నగా నవ్వాడు. అంతయ్య నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి. కైలాసం అయితే భయపడ్డాడు.

ఆ సాయంత్రమే ఆయన నాలుగు కోసులు నడిచి సమితి ఆఫీసుకు పోయాడు. తన జన్మలోకెల్లా పెద్ద ఉపన్యాసం అక్కడ ఇచ్చాడు.

"సారూ, రెండు నూర్ల మొక్కలు గావాల్నట గదా. నేనిస్త."

సారు ముఖం వికసించింది. "ఎలా ఇస్తావు?"

"కోసిస్త. ముడి తోటి కోయాలె. ముడి కింద జానెడు కొమ్మ గూడ రావాలె. గట్ల గాకుంటె లాభం లేదు. ఒక్క రెమ్మ గూడ చెట్టు మీద ఇడ్వొద్దు. నా పనిముట్లు నాకున్నయి. మీ కూలీలను సోమారం దినం రమ్మనుండ్రి, నేను శనారం కోస్త."

అబద్ధం ఒక్కటైనా ఉందేమో వెతకండి. దొరకదు! 'లాభం లేదు' అన్నాడు గానీ ఎవరికి లాభమో సారు అడగలేదు. అడిగితే అంతయ్య చెప్పేవాడే. ఉత్తర్వు మీద అప్పటికప్పుడే సంతకమైంది.

శనివారం తెల్లవారేసరికి కంచె తీశారు. అంతయ్య గడ ఉలితో కింద నుంచి పొడుస్తున్నాడు. ఉలికి లొంగని లావు కొమ్మల మీదికి కైలాసం రంపంతో ఎక్కాడు. కొండల్ కింద పడ్డవాటిని ఏరి కుప్ప పెడుతున్నాడు. దేవవ్వ ఎర్రమట్టి, పేడ కలిపి బుట్టలో పైకి అందిస్తుంటే, కోసిన చోటల్లా కైలాసం మెత్తుతున్నాడు.

"జర మందంగ మెత్తు కైలాసం," అని ఆమె కింద నుంచి కేక. "నీ ఇంటి గోడ అనుకోకు!"

"నా ఇంటి గోడకు గింత మన్ను తాకితె ఇంకో పదేండ్లు నిలవడ్తది వదినా!"

సారు స్వయంగా లెక్కపెట్టారు. మధ్యాహ్నానికి చెట్టు మీద బదనిక రెమ్మ అన్నది లేదు. కుప్పలో అరవై ఒక్కటి తేలాయి. రెండు వందలకు ఇంకా నూట ముప్పై తొమ్మిది తక్కువ! సారు ముఖం వాడింది. అంతయ్య ఊరి వైపు చేయి చూపాడు.

"ఊర్లె ఇంకా చెట్లున్నయి సారూ."

డప్పు వేశారు. బదనిక ఉన్న ఆసాములందరూ ముడి కింద జానెడుతో సహా కోసి తేవాలని సమితి ఉత్తర్వు! కొండల్ ఉలి ఆ రోజు పదహారు చెట్లు తిరిగింది. ఏళ్ల తరబడి 'రేపు కోస్తా, మాపు కోస్తా' అన్న సోమరులు కూడా సర్కారు భయానికి కోసి తెచ్చారు. పొద్దు గుంకేసరికి రెండు వందల పైచిలుకు. మా ఊళ్లో మాత్రం మందుకు కావాలన్నా బదనిక లేదు.

సోమవారం కూలీలు కోతరంపంతో వచ్చారు. వెలుతురు చూపించాల్సిన మేలురకం ఎక్కడా కనబడలేదు. కాసేపు తలలెత్తి చూసి, మామిడి నీడలో సద్దులు విప్పుకుని తిని, రంపం భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

రెండు వందల కొమ్మలూ సమితి ఆఫీసు వెనక డబ్బాల్లో నాటబడ్డాయి. ఇద్దరు నౌకర్లు పూటపూటా నీళ్లు పోశారు. ఇంకొకరి కొమ్మ లేనిదే బతకనిది డబ్బాలో ఎలా బతుకుతుంది? మూడో రోజుకు ఆకు రాలింది, వారానికి పుల్ల మిగిలింది. రిపోర్టు మాత్రం ఇలా పోయింది: 'పంచినవి రెండు వందలు, బతికినవి నూట తొంభై మూడు.' మిగతా ఏడు మొక్కలు ఎందుకు చచ్చాయంటారా? రెండు వందలూ బతికాయంటే పైవాళ్లు నమ్మరు కదా! లెక్కన్నాక కొంత నిజాయితీ ఉండాలి.

మాఘంలో తొక్కుమామిడి ఆకు కనబడకుండా పూసింది. ఎండాకాలం ముప్పై ఇళ్ల జాడీలకూ కాయ అందింది. దేవవ్వ ఫోటో పెట్టి మూత కట్టే అవసరం రాలేదు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాం. మొన్న గురువారం సారు మళ్లీ వచ్చారు. జీపులో కాదు, సైకిల్ మీద. ఒక్కరే. క్యారియరుకు కాగితంలో చుట్టిన రెమ్మ ఒకటుంది. విప్పి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"అంతయ్యా, మా అద్దె ఇంట్లో దానిమ్మ ఉంది. మా ఆవిడకు ప్రాణం. ఒక పక్క ఎండిపోతోంది. దాని మీద… ఇది ఉంది."

అంతయ్య రెమ్మను చూశాడు. సారును చూశాడు.

"పిట్ట గట్టింది సారూ," అన్నాడు.

సారు ఆ రెమ్మను ఒకసారి తిప్పి చూశారు. తరువాత నవ్వేశారు. మంచి మనిషే. "మొదటి రోజే చెప్పావు," అన్నారు. "ఇప్పుడు నిజం రాస్తే ఆ నూట తొంభై మూడూ ఏవని అడుగుతారు. రాయకపోతే ఇదిగో, ఈ ఏటికి రెండు వేలు పంచమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది! రెండు వేలు ఎక్కడినుంచి తేను?"

అంతయ్య గడ ఉలి భుజాన వేసుకున్నాడు. దానిమ్మ చూడడానికి సైకిల్ పక్కన నడుస్తూ, తోవలో అన్నాడట:

"రెండు వేలేనా సారూ? ఆదిలాబాదు జిల్లాల గిన్ని చెట్లు వెట్టుకొని? జర ఐదు వేలు రాయుండ్రి. కొండల్ తోటి ఇంకో పది ఉలులు కొట్టిపిస్త."

సారు రాశారు. ఉత్తర్వు మంజూరైంది. ఇప్పుడు తెలిసిందా, ఈ వ్యాసం నేనెందుకు రాస్తున్నానో?

కాబట్టి పాఠక మహాశయులారా! అవతల గోదావరి దాటి కరీంనగర్ వైపున్నవారు కూడా! మీ మామిడికి, జామకు, సపోటాకు, దానిమ్మకు బదనిక అనే భాగ్యం పట్టి ఉంటే దాచుకోకండి. అది సర్కారు సొత్తు. ప్రతి రెమ్మా లెక్కలోకి రావాలి. ముడి కింద జానెడు పచ్చికొమ్మతో సహా కోసి, గాయానికి ఎర్రమట్టి మెత్తి, మీ మీ సమితి ఆఫీసులో అప్పగించి రసీదు పుచ్చుకోండి. ఆఖరి తేదీ ఆఫీసువారు మార్చి నెలాఖరు అని వేశారు.

మీరు మాత్రం పూత రాకముందే తెచ్చివ్వండి.